ఐపీ పెడితే ఏ అప్పు పోతుంది, ఏది పోదు? ప్రభుత్వ బాకీలు, పిల్లల భరణం అసలు సంగతి

ఈ ఎపిసోడ్‌లో మన గోదావరి జిల్లాల్లో రోజూ వినిపించే ఒక మాట గురించి మాట్లాడుకుందాం. "ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడంట!" రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్టు దగ్గర విన్నా, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో విన్నా, భీమవరంలో రొయ్యల చెరువు గట్టు మీద విన్నా, ఈ మాట అనగానే అందరికీ ఒకటే అర్థం. ఆయన చేతులెత్తేశాడు, ఇక అప్పులోళ్లకి పైసా రాదు అని.

ఆ అర్థంలో సగమే నిజం. ఐపీ పెట్టినంత మాత్రాన ఏ అప్పూ పోదు. కోర్టు చివర్లో విముక్తి ఇస్తే కొన్ని అప్పులు పోతాయి. ఆ విముక్తి ఇచ్చినా కొన్ని అప్పులు మాత్రం పోవు. ఈ పోని అప్పుల్లో రెండిటి గురించే ఇవాళ మన టాపిక్. ఒకటి ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ. రెండోది భార్యకి, పిల్లలకి, తల్లిదండ్రులకి కోర్టు ఇవ్వమన్న భరణం. మన వైపు మనోవర్తి అంటారు, కోర్టుల్లో మెయింటెనెన్స్ అంటారు.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక్క మాటలో చెప్తాను. పుట్టింట్లో పిల్లాడితో ఉన్న ఆడపిల్లకి ఒక రోజు పోస్టులో కోర్టు నోటీసు వస్తుంది. "మీ భర్త దివాలా పిటిషన్ వేశారు, అందులో మీరు పద్నాలుగో ప్రతివాది" అని. పైన పదమూడు మంది వడ్డీ వ్యాపారులు, చీటీల వాళ్లు, సరుకు ఇచ్చిన వాళ్లు. వాళ్ల కింద ఈమె పేరు, ఈమె భరణం బకాయి. చుట్టుపక్కల వాళ్లు ఏమంటారు? "ఇక వదిలేయమ్మా, ఐపీ పెట్టాడుగా, ఏం వస్తుంది" అంటారు. ఆ మాట నమ్మి ఆమె వాయిదాలకి వెళ్లడం మానేస్తుంది. నష్టం జరిగేది అక్కడ. చట్టం ఆమె డబ్బు తీసేయలేదు. పక్కింటి సలహా తీసేసింది.

అసలు ఐపీ అంటే ఏంటి

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. పేరులో ఉన్నట్టే అది ఒక అర్జీ, తీర్పు కాదు. మన దగ్గర దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్. నూరేళ్లు దాటిన చట్టం. అప్పట్లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్లం కదా. మద్రాసు నగరానికి 1909 నాటి వేరే చట్టం ఉండేది, ఊళ్లకి, జిల్లాలకి ఈ 1920 చట్టం. ఆ లెక్క ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

వయసు ఎంతో తెలియాలంటే అందులో అంకెలు చూడండి. ఐపీ వేయడానికి ఉండాల్సిన కనీస అప్పు 500 రూపాయలు. దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించిన మనిషి, ఆ విషయం చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అప్పు తీసుకుంటే నేరం, ఆరు నెలల దాకా జైలు. ఇవాళ 50 రూపాయలకి రెండు టీలు, నాలుగు బిస్కెట్లు వస్తాయి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటిదాన్ని లెగసీ కోడ్ అనేవాళ్లం. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, సిస్టమ్ మాత్రం దాని మీదే నడుస్తుంటుంది, ముట్టుకోవడానికి అందరికీ భయం.

ప్రాసెస్ సింపుల్‌గా ఇదండి. అప్పుపడ్డ మనిషి తన ఆస్తులు, అప్పుల జాబితా రాసి సివిల్ కోర్టులో అర్జీ వేస్తాడు. అప్పు ఇచ్చినవాళ్లు కూడా వేయొచ్చు. కోర్టు అందరికీ నోటీసులు పంపి, వాదనలు విని, నిజమే అనిపిస్తే ఇతను దివాలాదారుడు అని ప్రకటిస్తుంది. ఆ క్షణం నుంచి అతని ఆస్తి అతనిది కాదు, కోర్టు చేతికో, కోర్టు పెట్టిన రిసీవర్ చేతికో వెళ్తుంది. రిసీవర్ దాన్ని అమ్మి అప్పులోళ్లకి పంచుతాడు. ఆ తర్వాత, కోర్టు ఇచ్చిన గడువు లోపల, ఆ మనిషి విముక్తి కోసం ఇంకో అర్జీ వేసుకోవాలి. దాన్నే డిశ్చార్జ్ అంటారు. అప్పు చెరిగేది ఆ డిశ్చార్జ్ ఆర్డర్‌తోనే. గడువులో ఆ అర్జీ వేయకపోతే దివాలా ప్రకటననే రద్దు చేస్తారు, కథ మొదటికొస్తుంది.

కాబట్టి మూడు మెట్లు. అర్జీ, ప్రకటన, విముక్తి. ఊళ్లో జనం మొదటి మెట్టు దగ్గరే "అయిపోయింది" అనుకుంటారు. చట్టం మూడో మెట్టు దగ్గర గానీ ఒక్క రూపాయి కూడా చెరపదు.

44వ సెక్షన్: చెరగని నాలుగు అప్పులు

ఇప్పుడు అసలు పాయింట్. ఆ 1920 చట్టంలో 44వ సెక్షన్ ఉంది. విముక్తి ఆర్డర్ వచ్చినా ఈ నాలుగు రకాల బాకీల నుంచి మాత్రం మనిషి బయటపడడు అని అందులో స్పష్టంగా రాశారు.

ఒకటి, ప్రభుత్వానికి చెల్లించాల్సిన ఏ అప్పయినా.

రెండు, మోసం చేసి గానీ, నమ్మకద్రోహం చేసి గానీ తెచ్చుకున్న అప్పు.

మూడు, మోసం చేసి గడువు పొందిన అప్పు. అంటే లేని ఆస్తి ఉందని చూపించి, దొంగ కాగితాలు పెట్టి, "ఇంకో ఆరు నెలలు ఆగండి" అని ఆపించుకున్నది.

నాలుగు, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద కోర్టు వేసిన భరణం.

రెండో పాయింట్ చీటీల వాళ్ల బాధితులు గుర్తుపెట్టుకోండి. జనం దగ్గర చీటీ డబ్బులు కట్టించుకుని, వాడేసుకుని ఐపీ పెట్టినంత మాత్రాన అది మామూలు అప్పు అయిపోదు. మోసం అని కోర్టులో రుజువు చేయగలిగితే ఆ బాకీ విముక్తి తర్వాత కూడా బతికే ఉంటుంది. రుజువు చేయడం మాత్రం మన పని.

ఇంకో విషయం కూడా అదే సెక్షన్‌లో ఉంది. అప్పు తీసుకున్నవాడికి విముక్తి వచ్చినా, హామీ సంతకం పెట్టినవాడికి రాదు. బావమరిది అప్పుకి మీరు ష్యూరిటీ పెట్టారనుకోండి, ఆయన ఐపీ పెట్టి బయటపడ్డా మీ తలుపు కొట్టడం ఆగదు.

ప్రభుత్వ బాకీ: ఏది ప్రభుత్వం, ఏది కాదు

ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. ప్రభుత్వానికి అప్పు అంటే కేంద్ర ప్రభుత్వానికో, రాష్ట్ర ప్రభుత్వానికో నేరుగా కట్టాల్సింది. ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ, భూమి శిస్తు, నీటి తీరువా, ప్రభుత్వానికి కట్టాల్సిన లైసెన్సు ఫీజు, ప్రభుత్వమే నేరుగా రైతుకిచ్చిన అప్పు. పాతవాళ్లకి తక్కావి అప్పులు గుర్తుంటాయి, 1884 నాటి చట్టం కింద ఎడ్లకి, విత్తనాలకి తహసీల్దారు ద్వారా ఇచ్చేవారు. ఇవన్నీ మొదటి పాయింట్ కిందకి వస్తాయి. ఐపీతో చెరగవు.

మరి స్టేట్ బ్యాంకు అప్పు? అది ప్రభుత్వ బ్యాంకు కదా అంటారు. అవునండి, ఎక్కువ వాటాలు ప్రభుత్వానివే. కానీ చట్టం దృష్టిలో బ్యాంకు వేరే సంస్థ. బ్యాంకుకి బాకీ ఉంటే బ్యాంకుకి బాకీ ఉన్నట్టే, ప్రభుత్వానికి ఉన్నట్టు కాదు. ఊళ్లో సొసైటీ అప్పు కూడా అంతే. సొసైటీలో ప్రభుత్వ అధికారి కూర్చున్నంత మాత్రాన అది ప్రభుత్వ ఖజానా అయిపోదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాంకుకి మీ ఇల్లో, పొలమో, బంగారమో తాకట్టు ఉంటే, ఆ తాకట్టు హక్కుని ఐపీ ముట్టుకోదు. దివాలా ప్రకటన వచ్చినా తాకట్టు పెట్టుకున్నవాళ్లు తమ దారిన ఆ ఆస్తి అమ్ముకోవచ్చు. అంటే ప్రభుత్వ బాకీ కాదు కాబట్టి బ్యాంకు అప్పు తేలిగ్గా పోతుంది అనుకోవద్దు. తాకట్టు లేకుండా మిగిలిన భాగం మాత్రమే మిగతా అప్పులతో కలుస్తుంది.

ఇంకో సన్నని తేడా చెప్తాను, ఇది చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. మున్సిపాలిటీ, పంచాయతీ పన్నులు. అదే చట్టంలో 61వ సెక్షన్ ఉంది, డబ్బు పంచేటప్పుడు ముందు ఎవరికివ్వాలి అని చెప్పేది. అక్కడ "ప్రభుత్వానికి గానీ, స్థానిక సంస్థకి గానీ" ఉన్న బాకీలు ముందు అని ఉంటుంది. కానీ చెరగని అప్పుల జాబితా ఉన్న 44వ సెక్షన్‌లో "ప్రభుత్వం" ఒక్కటే ఉంది, స్థానిక సంస్థ మాట లేదు. అంటే పంచాయతీ పన్ను వరుసలో ముందు నిలబడుతుంది, కానీ విముక్తిని తట్టుకునే జాబితాలో దాని పేరు లేదు. ఒక ఫైల్లో రెండు పేర్లు, ఇంకో ఫైల్లో ఒక్క పేరు. కోడ్ చదివేవాడికి వెంటనే కనిపించే తేడా ఇది.

ప్రభుత్వ బాకీ విషయంలో ఇంకో సంగతి. శిస్తు బకాయిలాగా వసూలు చేసే అధికారం ప్రభుత్వానికి 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం నుంచి ఉంది. డిక్రీ కోసం ప్రైవేటు అప్పులోడు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతాడు. రెవెన్యూ వాళ్లకి ఆ తిరుగుడు లేదు, జప్తు నోటీసు నేరుగా ఇస్తారు. అందుకే ఐపీ ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది, నా మొత్తం అప్పులో ప్రభుత్వానికి కట్టాల్సింది ఎంత శాతం అని. సగానికి సగం జీఎస్టీ బాకీనే అయితే ఐపీ వల్ల మీకు ఒరిగేది తక్కువ.

భరణం: కోడ్ మారింది, బాధ్యత మారలేదు

ఇప్పుడు నాలుగో పాయింట్. 44వ సెక్షన్‌లో రాసింది, "1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ కింద వేసిన భరణం" అని. ఇది చూసి కొందరు భర్తల తరఫు వాదన ఎలా ఉంటుందంటే, ఆ 1898 కోడ్ ఎప్పుడో పోయింది కదా, కాబట్టి ఈ మినహాయింపు కూడా పోయింది అని.

అలా కుదరదండి. 1898 కోడ్ పోయి 1973 కోడ్ వచ్చింది. 488 కాస్తా 125 అయ్యింది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ కూడా పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 125 కాస్తా 144 అయ్యింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 8వ సెక్షన్ ఏం చెప్తుందంటే, ఒక చట్టం పోయి దాని స్థానంలో కొత్తది వస్తే, పాత నంబరు ఎక్కడ కనిపించినా కొత్త నంబరుగా చదువుకోవాలి అని. వెబ్‌సైట్‌లో పాత లింకు నొక్కితే కొత్త పేజీకి తీసుకెళ్తుంది చూడండి, అలాంటిదే. 488 నొక్కితే 125, 125 నొక్కితే 144.

ఈ 144 కింద ఎవరెవరు వస్తారు? తనని తాను పోషించుకోలేని భార్య, మైనర్ పిల్లలు, పెళ్లితో పుట్టినా పెళ్లి బయట పుట్టినా సరే, శరీర లోపమో మానసిక లోపమో ఉండి సంపాదించలేని పెద్ద పిల్లలు, తమని తాము పోషించుకోలేని తల్లిదండ్రులు. వీళ్లలో ఎవరికి కోర్టు నెలనెలా ఇవ్వమన్నా, ఆ బాధ్యత ఐపీతో చెరగదు.

మరి జైలుకి వెళ్తే చెరుగుతుందా? అదీ లేదు. భరణం కట్టకపోతే మేజిస్ట్రేట్ వారెంట్ ఇవ్వొచ్చు. అప్పటికీ కట్టకపోతే బకాయి ఉన్న ఒక్కో నెలకి నెల దాకా జైలు వేయొచ్చు. కొందరు మగాళ్లు "నెల ఉండొచ్చేస్తాను, లెక్క సరిపోతుంది" అనుకుంటారు. సుప్రీంకోర్టు 1980ల చివర్లోనే ఈ విషయం తేల్చేసింది. జైలు అనేది కట్టించడానికి ఒత్తిడి మాత్రమే, కట్టినట్టు లెక్క కాదు. జైలు నుంచి వచ్చాక కూడా ఆ బకాయి అలాగే ఉంటుంది.

ఇక్కడ భర్త వైపు నుంచి కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. చట్టంలో జైలు గురించి చెప్పేటప్పుడు "తగిన కారణం లేకుండా కట్టకపోతే" అని ఉంటుంది. నిజంగా దివాలా తీసిన మనిషి "నా దగ్గర లేదు, ఇదిగో నా ఐపీ కాగితాలు" అని మేజిస్ట్రేట్ ముందు చెప్పుకోవచ్చు. మేజిస్ట్రేట్ ఆ కారణాన్ని తూకం వేస్తారు. దాని వల్ల జైలు విషయంలో ఊరట దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. కానీ బాకీ అంకె మాత్రం తగ్గదు.

మరి ఆదాయం నిజంగా పడిపోయినవాడికి దారే లేదా? ఉంది. అది ఐపీ కాదు. పాత 127వ సెక్షన్, ఇప్పుడు 146. పరిస్థితులు మారాయి, నెలకి ఇంత ఇవ్వలేను, తగ్గించండి అని భరణం వేసిన కోర్టునే అడగడం. చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ వచ్చి పంట మొత్తం పోయినవాడు చేయాల్సింది ఇదే. అదే సెక్షన్ భార్యకి కూడా పనికొస్తుంది. ఆయన ఆదాయం పెరిగితే పెంచమని అడగొచ్చు.

ఒక జాగ్రత్త. 44వ సెక్షన్ మాటలు క్రిమినల్ కోడ్ కింద వచ్చిన భరణం వరకే ఉన్నాయి. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం కింద సివిల్ కోర్టు ఇచ్చిన డిక్రీ ఆ మాటల్లో నేరుగా లేదు. అలాంటి డిక్రీ ఉన్నవాళ్లు "నాది ఆటోమేటిక్‌గా సేఫ్" అనుకోకుండా, ఐపీ కోర్టులో లాయరు ద్వారా గట్టిగా వాదించుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం

థియరీ చాలు, అంకెలు వేద్దాం. ఇది ఊహించుకున్న లెక్కే, ఎవరి కథా కాదు. కోనసీమలో ఒక కొబ్బరి వ్యాపారి. తాకట్టు లేని ప్రోనోటు అప్పులు, సరుకు బాకీలు కలిపి 14,00,000. జీఎస్టీ బాకీ 1,80,000. మున్సిపాలిటీకి పన్ను 20,000. భార్యకి, పాపకి నెలకి 10,000 చొప్పున 14 నెలల భరణం, 1,40,000. రిసీవర్ ఆస్తి అమ్మితే వచ్చింది 5,00,000. ఖర్చులకి 20,000 పోయాయి. మిగిలింది 4,80,000.

వరుసలో ముందు జీఎస్టీ, మున్సిపాలిటీ. 2,00,000 అక్కడికి పోయాయి. మిగిలిన 2,80,000 ప్రోనోటు వాళ్లకి పంచితే, 14,00,000కి రూపాయికి 20 పైసలు. రేపు విముక్తి వస్తే వాళ్లకి రావాల్సిన మిగతా 11,20,000 చెరిగిపోతుంది.

భార్య సంగతి? ఈ లెక్కలో ఆమెకి రిసీవర్ దగ్గర నుంచి ఒక్క రూపాయి కూడా రాలేదు. 61వ సెక్షన్ వరుసలో భరణానికి ముందు సీటు లేదు. కానీ ఆమె 1,40,000 పూర్తిగా బతికే ఉంది. విముక్తి తర్వాత ఆయన సంపాదించే మొదటి రూపాయి మీద కూడా ఆమె అడగొచ్చు. ప్రోనోటు వాళ్లు అడగలేరు. అర్థమైందా అండి? పంపకంలో ఆమె వెనక, పంపకం అయ్యాక ఆమె ముందు.

ఇప్పుడు జీఎస్టీ అంకె మార్చి చూడండి. 1,80,000 బదులు 6,00,000 అనుకుందాం. ఆస్తి మొత్తం ప్రభుత్వానికి, మున్సిపాలిటీకే సరిపోదు. ప్రోనోటు వాళ్లకి సున్నా. ప్రభుత్వానికి తగ్గిన మిగతా బాకీ విముక్తి తర్వాత కూడా ఆ మనిషి వెంట వస్తుంది.

విముక్తి అంత తేలిగ్గా ఇస్తారా

ఇవ్వరు. 42వ సెక్షన్ ప్రకారం, ఆస్తి విలువ తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలు, అంటే సగం కూడా లేకపోతే, కోర్టు షరతుల్లేని విముక్తి ఇవ్వకూడదు. అలా అవ్వడానికి తన తప్పు లేదని ఆ మనిషి రుజువు చేసుకుంటే వేరు. 1996 నవంబరు 6 తుఫాను గుర్తుందా అండి? కోనసీమలో కొబ్బరి తోటలు తోటలే కూలిపోయాయి. అలాంటి దెబ్బ తగిలినవాడు "నా చేతిలో లేనిది జరిగింది" అని చెప్పుకోవచ్చు. పేకాటలో పోగొట్టుకున్నవాడు చెప్పుకోలేడు. లెక్కల పుస్తకాలు రాయని వ్యాపారికి, దివాలా అని తెలిసీ వ్యాపారం కొనసాగించినవాడికి కూడా ఇదే అడ్డు.

ఆస్తి ముందే తమ్ముడి పేరు మీద, అత్తగారి పేరు మీద రాసేసి ఐపీ పెట్టేవాళ్లు ఉంటారు. 53వ సెక్షన్ ఉంది వాళ్ల కోసం. అలాంటి బదిలీ చేసిన రెండేళ్లలోపు దివాలా వస్తే, నిజమైన కొనుగోలు కాకపోతే దాన్ని కొట్టేయించొచ్చు. అప్పులోళ్లలో ఒకరికి మాత్రం పక్షపాతంగా కట్టేస్తే, మూడు నెలల లోపు అయితే దాన్నీ ప్రశ్నించొచ్చు. ఆస్తి దాచినా, లెక్కలు తారుమారు చేసినా ఏడాది దాకా జైలు.

2016 చట్టం వచ్చింది కదా, అది ఏమంటోంది

2016లో ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ వచ్చింది, ఐబీసీ అంటారు. కంపెనీల గురించి వార్తల్లో వినేది ఇదే. ఇందులో మామూలు మనుషుల కోసం ఒక భాగం రాశారు. కానీ 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీ అప్పులకి వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే. మన దగ్గర రైసు మిల్లు కంపెనీకో, రొయ్యల ఎగుమతి కంపెనీకో డైరెక్టరుగా ఉండి బ్యాంకుకి సొంత హామీ రాసిచ్చినవాళ్లు దీని కిందకి వస్తారు. మిగతావాళ్లకి ఇంకా ఆ 1920 చట్టమే.

కొత్త కోడ్ జాబితా వేరు. చెరగనివి ఏంటంటే, కోర్టు వేసిన జరిమానా, నిర్లక్ష్యానికో చట్టబద్ధమైన బాధ్యత తప్పినందుకో కట్టాల్సిన నష్టపరిహారం, ఏ చట్టం కింద అయినా ఎవరికైనా ఇవ్వాల్సిన భరణం, చదువు అప్పు. మోసంతో తెచ్చిన అప్పు కూడా చెరగదు. భరణం దగ్గర "ఏ చట్టం కింద అయినా" అన్న మాట చూడండి. 1920 చట్టంలో ఉన్న ఇరుకు ఇక్కడ లేదు.

మరి ప్రభుత్వ బాకీ? ఈ జాబితాలో దాని పేరు లేదు! పంపకంలో కూడా ముందు వరుస నుంచి వెనక్కి జరిపారు. ఖర్చులు, ఆ తర్వాత కార్మికుల బకాయిలు, తాకట్టు అప్పులు, ఆ తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు, ఆ తర్వాతే ప్రభుత్వం. నూరేళ్లలో ఆలోచన ఎలా మారిందో ఈ ఒక్క తేడాలో కనిపిస్తుంది. 1920లో ఖజానా అందరికంటే ముందు. 2016లో ఖజానా వరుసలో నిలబడాలి. ప్రభుత్వం తన చోటు తానే వదులుకుంది గానీ, పిల్లల తిండి డబ్బు చోటు మాత్రం కదపలేదు.

అంతకంటే ముందు 1938లో, రాజాజీ ప్రభుత్వం మద్రాసు రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. మన గోదావరి రైతులకి వడ్డీలు కొట్టేసిన చట్టం అది. అందులో కూడా ప్రభుత్వ పన్నులు, ప్రభుత్వ అప్పులు ముట్టుకోలేదు. భరణం కూడా ముట్టుకోలేదు.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఒక వ్యాపారి భార్య, పిల్లల భరణం కేసులో, బకాయి భరణం ఆయన ఆస్తి మీద తాకట్టు అప్పులోళ్ల హక్కు కంటే, దివాలా చట్టం కింద అడిగేవాళ్ల హక్కు కంటే ముందు అని చెప్పింది. ఆ ఆర్డర్‌ని లాయర్లు ఇప్పుడు వాడుకుంటున్నారు. మీ లాయరుకి కూడా గుర్తు చేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం రెండు ముక్కలు

అక్కడ కూడా సూత్రం ఇలాంటిదే. పిల్లల సపోర్టు, మాజీ భార్య లేదా భర్తకి ఇచ్చే సపోర్టు బ్యాంక్రప్ట్సీతో పోవు. ట్యాక్సుల విషయంలో మాత్రం వాళ్లు టైమర్ పెట్టారు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ గడువు దాటి మూడేళ్లు, రిటర్న్ వేసి రెండేళ్లు, ట్యాక్స్ లెక్క కట్టి 240 రోజులు దాటితే, మోసం ఏమీ లేకపోతే, ఆ పాత ట్యాక్స్ చెరిగే అవకాశం ఉంది. ఉద్యోగుల జీతం నుంచి కోసి గవర్నమెంటుకి కట్టని ట్యాక్స్ మాత్రం ఎన్నేళ్లయినా చెరగదు. స్టూడెంట్ లోన్ చెరగాలంటే విపరీతమైన కష్టం అని కోర్టులో రుజువు చేయాలి.

నోటీసు వస్తే ఏం చేయాలి

భరణం రావాల్సిన అక్కచెల్లెళ్లకి చెప్తున్నాను. మొదటిది, ఐపీ నోటీసు వస్తే ఆ వాయిదాకి వెళ్లండి. అప్పుల జాబితా, ఆస్తుల జాబితా కాపీ తీసుకోండి. ఆయనకి ఉందని మీకు తెలిసిన పొలమో, సైటో, చెరువు లీజో అందులో లేకపోతే కోర్టుకి చెప్పండి. కాపురం చేసిన మనిషికి తెలిసినంత రిసీవర్‌కి తెలియదు.

రెండోది, చాలా ముఖ్యం. బకాయి వసూలుకి మేజిస్ట్రేట్ దగ్గర వేసే అర్జీకి ఏడాది గడువు ఉంది. ఏ నెల భరణం అయితే రాలేదో, ఆ తేదీ నుంచి ఏడాది లోపు అడగాలి. ఐపీ తేలాక చూద్దాంలే అని కూర్చుంటే పాత నెలలు చేయి జారిపోతాయి. మీ హక్కుని ఐపీ చంపదు, ఆలస్యం చంపుతుంది.

మూడోది, ఆయన జీతం ఉద్యోగి అయితే జీతం జప్తు అడగండి. మామూలు అప్పు డిక్రీకి జీతంలో కొంతే పట్టుకోగలరు. భరణం డిక్రీకి అయితే జీతంలో మూడో వంతు మాత్రమే ఆయనకి వదిలి, మిగతాది పట్టుకోవచ్చు.

నాలుగోది, లాయరుకి డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చాలు.

ఇక అప్పుల్లో ఉండి ఐపీ ఆలోచిస్తున్న అన్నలకి. కాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. ప్రభుత్వ బాకీ, భరణం, తాకట్టు అప్పు, మిగతావి. ఐపీ పనిచేసేది నాలుగో గడి మీద మాత్రమే. అందులో అంకె చిన్నదైతే, ఆస్తి పోగొట్టుకుని, పేరు పోగొట్టుకుని, మిగిలేది ఏమీ ఉండదు. ప్రభుత్వ బాకీకి వాయిదాలు అడగండి. భరణం భారం అయితే 146 కింద తగ్గింపు అడగండి. నాలుగో గడి నిజంగా మోయలేనంత ఉంటే అప్పుడు ఐపీ, అదీ ఆస్తులన్నీ దాచకుండా రాసి. ఇంకొక్క మాట, అప్పు ఒక్కటే కారణంగా ఎవరూ ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు. మోయలేని అప్పుని దించడానికే ఈ చట్టం పుట్టింది, దాన్ని వాడుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు.

నేను లాయరుని కాదండి, బీటెక్ చదివి చట్టం పుస్తకం ఓపిగ్గా చదువుకున్న మనిషిని. మీ కేసుకి మీ లాయరు మాటే ఫైనల్. ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో, మీ వీధిలో భరణం కోసం తిరుగుతున్న ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే పంపించండి. మీ ప్రశ్నలు కింద రాయండి, పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాయొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో చెక్ బౌన్స్ కేసుకి, ఐపీకి ఉన్న లింకు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి, ఆయ్.